స్కాన్సెన్: జానపద దుస్తులు, శీతకాలపు పండుగల మ్యూజియం

స్కాన్సెన్ స్వీడన్ రాజధాని స్టాక్‌హోంలోని యూర్గార్డెన్ దీవి మీద ఉన్న ఆరుబయలు జానపద మ్యూజియం. 1891 అక్టోబరు 11న దీన్ని ప్రజలకు తెరిచారు. దేశంలోని వేర్వేరు ప్రాంతాల నుంచి విప్పి తెచ్చి మళ్లీ నిలబెట్టిన సుమారు 150 కట్టడాలు ఇక్కడ ఉన్నాయి. ఆవరణ విస్తీర్ణం సుమారు 75 ఎకరాలు. పాత ఇళ్లు, పొలాలు, పనిముట్లు, చేతివృత్తులతో పాటు ఉత్తర ఐరోపా జంతువులను కూడా ఇక్కడ చూడవచ్చు. దీనికి మాతృసంస్థ అదే దీవి మీద ఉన్న నోర్డిస్కా మ్యూజియం. మూల వస్త్రాలు, నగలు, గృహోపకరణాలు ప్రధానంగా నోర్డిస్కా మ్యూజియం సేకరణలో ఉన్నాయి. అలాంటి దుస్తులను తొడిగిన మనుషులు, ఆ వస్తువులతో నడిచిన ఇళ్లు, ఆ ఇళ్లలో జరిగే పండుగలు స్కాన్సెన్‌లో కనిపిస్తాయి. ఈ వ్యాసం సంప్రదాయ దుస్తులకు, శీతకాలపు ఆచారాలకు ప్రాధాన్యమిస్తూ రెండు సంస్థలనూ పరిచయం చేస్తుంది.

నిర్వచనం

జానపద మ్యూజియం సామాన్య ప్రజల నిత్యజీవితానికి చెందిన వస్తువులను సేకరించి, భద్రపరచి, ప్రదర్శిస్తుంది. రాజుల ఆయుధాలు, ఆలయ శిల్పాలు, ప్రసిద్ధ చిత్రకారుల చిత్రాలు ఇతర మ్యూజియాలకు ముఖ్యమైతే, రైతు కట్టుకున్న బట్ట, వంటింటి పాత్ర, రాట్నం, ఉయ్యాల, పండుగనాటి అలంకరణ దీనికి ముఖ్యం. ఆరుబయలు మ్యూజియం ఇందులో ఒక రకం. వస్తువులను అద్దాల పెట్టెల్లో కాకుండా అవి వాడుకలో ఉన్న ఇంటిలోనే, ఆ ఇంటిని దాని పెరడు, కొట్టం, ధాన్యపు గదులతో సహా చూపడం దీని ప్రత్యేకత. స్కాన్సెన్ అనే పేరు ఆ కొండ మీద ఒకప్పుడు ఉన్న చిన్న సైనిక దుర్గం నుంచి వచ్చింది.

స్థాపన, చరిత్ర

ఈ రెండు సంస్థల స్థాపకుడు ఆర్టుర్ హాజెలియస్ (1833–1901). భాషావేత్తగా, ఉపాధ్యాయుడిగా జీవితం ప్రారంభించిన ఆయన 1869లో జరిగిన స్కాండినేవియా వర్ణక్రమ సంస్కరణ సమావేశంలో చురుకుగా పనిచేశారు. 1872 వేసవిలో మధ్య స్వీడన్‌లోని దాలార్నా ప్రాంతంలో పర్యటిస్తూ, గ్రామాల్లో పాత దుస్తులు, ఇళ్లు, అలవాట్లు వేగంగా మాయమవడం గమనించారు. రైల్వేలు, యంత్రాల మీద నేసిన బట్ట, పట్టణాలకూ అమెరికాకూ సాగిన వలసలు ఈ మార్పుకు ప్రధాన కారణాలు. ఆ పర్యటనలోనే స్టూరా తూనా గ్రామానికి చెందిన ఒక పావడాను ఆయన కొన్నారు. సేకరణకు అదే తొలి వస్తువు.

1873 అక్టోబరు 24న స్టాక్‌హోంలోని ద్రోట్నింగ్ వీధిలో తన సేకరణను ప్రదర్శనకు పెట్టారు. అది 1880 నుంచి నోర్డిస్కా మ్యూజియం అనే పేరుతో కొనసాగింది. తొలి ప్రదర్శనల్లో నిలువెత్తు బొమ్మలకు అసలైన గ్రామీణ దుస్తులు తొడిగి, ఇంటి గది వంటి అమరికలో కుటుంబ సన్నివేశాలుగా నిలిపారు. ఒక చిన్నారి మరణశయ్యను చూపే సన్నివేశం వీటిలో బాగా పేరు పొందింది. చిత్రకారిణి అమాలియా లిండెగ్రెన్ వేసిన చిత్రం దానికి ఆధారం. 1878 పారిస్ అంతర్జాతీయ ప్రదర్శనలో ఇలాంటి అమరికలు ఐరోపా సందర్శకులను ఆకట్టుకున్నాయి.

గోడల మధ్య గదిని అనుకరించడం కంటే ఇంటినే తీసుకురావడం మేలని హాజెలియస్ భావించారు. 1885లో మూరా ప్రాంతానికి చెందిన ఒక దుంగల ఇంటిని కొన్నారు. 1891లో స్కాన్సెన్ తెరిచినప్పుడు అక్కడ నిలిచిన తొలి కట్టడాల్లో అదొకటి. ఆయన చివరి సంవత్సరాలు స్కాన్సెన్‌లోనే గడిపారు. సమాధి కూడా అక్కడే ఉంది. ఐసాక్ గుస్తాఫ్ క్లాసోన్ రూపకల్పన చేసిన నోర్డిస్కా మ్యూజియం ప్రస్తుత భవనం 1907లో ప్రారంభమైంది. 1963లో రెండు సంస్థలూ పరిపాలనపరంగా విడిపోయాయి.

ఆవరణ, కట్టడాలు

స్కాన్సెన్ కట్టడాలు స్వీడన్ భౌగోళిక వైవిధ్యాన్ని చూపేలా అమర్చి ఉన్నాయి. దక్షిణ ప్రాంతపు ఇళ్లు ఆవరణలో దక్షిణం వైపు, ఉత్తర ప్రాంతపువి ఉత్తరం వైపు ఉండాలన్నది స్థూలంగా పాటించిన పద్ధతి. దక్షిణాన హాల్లాండ్ నుంచి తెచ్చిన ఓక్తోర్ప్ రైతు ఇల్లు, ఉత్తర-మధ్య ప్రాంతాల నుంచి తెచ్చిన డెల్స్‌బూ, ఎల్వ్‌రూస్ రైతు ఆవరణలు ముఖ్యమైనవి. 17వ శతాబ్దపు స్కూగాహోల్మ్ జమీందారీ భవనం ఉన్నత వర్గాల జీవితాన్ని చూపుతుంది. 1730 నాటి సెగ్లూరా చెక్క చర్చిని 1916లో ఇక్కడికి తరలించారు. పెళ్లిళ్లకు అది నేటికీ ఎంతో ఆదరణ పొందుతోంది. నార్వేలోని టెలిమార్క్ నుంచి వచ్చిన 14వ శతాబ్దపు ధాన్యాగారం ఆవరణలోని అతి పురాతన కట్టడం. సామీ ఆదివాసుల శిబిరం, గాజు కార్మికశాల, రొట్టెల దుకాణం, ముద్రణాలయం ఉన్న పట్టణ పేట కూడా ఉన్నాయి.

ఈ తరలింపు సాధ్యపడటానికి ఉత్తర ఐరోపా గృహనిర్మాణ పద్ధతి తోడ్పడింది. అక్కడి ఇళ్లలో చాలావాటికి దుంగలను అడ్డంగా పేర్చి, మూలల వద్ద గాట్లు చెక్కి ఒకదానిలో ఒకటి బిగిస్తారు. ప్రతి దుంగకూ గుర్తు వేసి విప్పి, వేరే చోట అదే వరుసలో మళ్లీ పేర్చవచ్చు.

సంప్రదాయ దుస్తులు

నేత, ముడిసరుకు: స్వీడన్ గ్రామీణ దుస్తులకు ప్రధాన ముడిసరుకులు గొర్రె ఉన్ని, అవిసె నార, తోలు. ఉన్ని బట్టను నీటిలో నానబెట్టి బాగా దట్టిస్తే అది మందమై, చలిగాలికీ తడికీ కొంతవరకు ఆగుతుంది. లోపలి చొక్కాలు, తలగుడ్డలు అవిసె నారతో చేసేవారు. చలికాలపు కోట్లకు ఉన్ని లోపలి వైపు ఉండేలా గొర్రె చర్మం వాడేవారు. భూర్జ చెట్టు బెరడుతో అల్లిన చెప్పులు పనివేళల్లో వేసుకునేవారు. పట్టు రుమాలు, వెండి బొత్తాలు, ముద్రించిన నూలు గుడ్డ వంటివి బయట కొనే వస్తువులు కాబట్టి అవి ఇంటి స్తోమతను తెలిపేవి.

ప్రాంత భేదాలు: స్త్రీల దుస్తుల్లో చొక్కా, చేతుల్లేని బిగుతు పైవస్త్రం, పొడవాటి పావడా, ఏప్రన్, తలగుడ్డ, నడుముకు వేలాడే చిన్న సంచి ప్రధాన భాగాలు. పురుషులు మోకాళ్ల వరకు ఉండే లాగు, పొడుగు మేజోళ్లు, వాటిని పట్టి ఉంచే కుచ్చుల పట్టీలు, వెయిస్ట్‌కోటు, కోటు ధరించేవారు. ఈ భాగాలు అన్ని చోట్లా ఒకటే అయినా రంగులు, చారలు, కుట్టుపని ఊరూరికీ మారేవి. దాలార్నాలోని రెట్విక్‌లో ఏప్రన్ విడిగా ఉండదు. పావడా ముందు భాగంలోనే అడ్డచారల పట్టీగా నేస్తారు. ఫ్లూడా దుస్తుల్లో నల్లని నేల మీద ఉన్ని దారంతో కుట్టిన పెద్ద పెద్ద గులాబీలు ప్రసిద్ధం. హెల్సింగ్లాండ్‌లోని డెల్స్‌బూకు ఎరుపు, నలుపు, ఆకుపచ్చ అల్లికతో కూడిన స్వెటరు గుర్తు. దక్షిణాన స్కోనె ప్రాంతపు సంపన్న రైతు కుటుంబాల దుస్తుల్లో వెండి ఆభరణాలు విస్తారంగా కనిపిస్తాయి.

సందర్భ భేదాలు: దుస్తులను బట్టి వాటిని ధరించిన వ్యక్తి వయస్సు, వైవాహిక స్థితి, ఆ రోజు ప్రాధాన్యం తెలిసేవి. పెళ్లయిన స్త్రీ తలను గుడ్డతో కప్పుకునేది. పెళ్లికాని యువతి జడకు రిబ్బన్లు చుట్టుకునేది. లెక్‌సాండ్‌లో చర్చి పంచాంగం ప్రకారం ఏ ఆదివారం, ఏ పండుగ రోజు, ఏ సంతాప దశలో ఏ రంగు ఏప్రన్, ఏ పైవస్త్రం వేసుకోవాలో వివరమైన నియమాలు ఉండేవి. పెళ్లికూతురు ధరించే వెండి కిరీటం చాలా చోట్ల చర్చి ఆస్తి. పెళ్లి రోజుకు దాన్ని అరువిచ్చేవారు.

సామీ దుస్తులు: ఉత్తర స్కాండినేవియా ఆదివాసులైన సామీల పైదుస్తును గాక్తి అంటారు. నీలం ఉన్ని గుడ్డ మీద ఎరుపు, పసుపు పట్టీలు తరచుగా కనిపిస్తాయి. పట్టీల వరుస, టోపీ ఆకారం, మెడ కోత ధరించిన వ్యక్తి ప్రాంతాన్ని సూచిస్తాయి. తీవ్రమైన చలికి రెయిన్‌డీర్ చర్మంతో కోట్లు, బూట్లు చేసుకునేవారు. బూట్లలో ఎండు గడ్డి దట్టంగా కూరి పాదాలను పొడిగా, వెచ్చగా ఉంచుకునేవారు.

పునరుద్ధరణ, జాతీయ దుస్తులు: 19వ శతాబ్దం చివరికి చాలా గ్రామాల్లో నిత్యజీవితం నుంచి తప్పుకున్న దుస్తులను జానపద నృత్య బృందాలు, స్థానిక చరిత్ర సంఘాలు తిరిగి కుట్టించాయి. వీటిలో పాత నమూనాలను నేరుగా అనుసరించినవి కొన్ని, దొరికిన ముక్కల ఆధారంగా కొత్తగా కూర్చినవి కొన్ని. మార్తా యోర్గెన్‌సెన్ 1903లో రూపొందించిన నీలం పావడా, పసుపు ఏప్రన్ దుస్తులు ఏ ఒక్క ఊరికీ చెందనివి. ఫ్రెంచి ఫ్యాషన్‌కు ప్రత్యామ్నాయంగా స్వీడన్ స్త్రీలందరికీ ఉద్దేశించినవి. 1983 జూన్ 6న సిల్వియా రాణి వాటిని ధరించిన తర్వాత అవి జాతీయ దుస్తులుగా స్థిరపడ్డాయి.

శీతకాలపు ఆచారాలు

నేపథ్యం: డిసెంబరులో స్టాక్‌హోంలో పగటి వెలుతురు సుమారు ఆరు గంటలే ఉంటుంది. ఉత్తరాన ధ్రువవృత్తం దాటిన ప్రాంతాల్లో సూర్యుడు కొన్ని వారాలపాటు ఉదయించడు. కోతలు, నూర్పిళ్లు ముగిసి ఇంట్లో ధాన్యం, మాంసం, కొవ్వొత్తులు నిండుగా ఉండే కాలం కూడా ఇదే. వెలుగు, సమృద్ధి, పశువుల క్షేమం, రాబోయే పంట అన్నవి ఇక్కడి శీతకాలపు ఆచారాల్లో మళ్లీ మళ్లీ కనిపించే అంశాలు.

క్రిస్మస్ సంత: స్కాన్సెన్‌లోని బోల్నెస్ కూడలిలో 1903 నుంచి క్రిస్మస్ సంత జరుగుతోంది. పండుగకు ముందు వారాంతాల్లో చేతిపని వస్తువులు, కొవ్వొత్తులు, గడ్డి బొమ్మలు, అల్లం బిస్కెట్లు, మిఠాయిలు, పొగబెట్టిన మాంసం అమ్ముతారు. సందర్శకులు క్రిస్మస్ చెట్టు చుట్టూ చేతులు పట్టుకుని పాడుతూ నృత్యం చేస్తారు.

లూసియా: డిసెంబరు 13 సిసిలీలోని సిరక్యూస్‌కు చెందిన క్రైస్తవ పునీతురాలు లూసియా స్మారక దినం. పాత జూలియన్ పంచాంగం అమల్లో ఉన్న కాలంలో ఏడాదిలోకెల్లా పొడవైన రాత్రి ఇదేనని ప్రజలు నమ్మేవారు. తెల్లని అంగీ, నడుముకు ఎర్రని పట్టీ, తలమీద కొవ్వొత్తుల కిరీటంతో ఒక యువతి ముందు నడుస్తుంది. కొవ్వొత్తులు పట్టుకున్న అమ్మాయిలు, నక్షత్రాలున్న శంకువు టోపీలు పెట్టుకున్న అబ్బాయిలు పాడుతూ వెంట వస్తారు. కుంకుమపువ్వు కలిపిన పసుపు రంగు బన్నులు, కాఫీ పంచుతారు. పశ్చిమ స్వీడన్‌లోని వెస్టర్‌యోట్లాండ్ జమీందారీ ఇళ్లలో 1764 నాటికే ఈ ఆచారం ఉన్నట్టు దాఖలా ఉంది. స్కాన్సెన్ దీన్ని 1893 నుంచి జరుపుతోంది. 1920ల చివర స్టాక్‌హోం వార్తాపత్రిక ఒకటి లూసియా ఎంపిక పోటీ నిర్వహించాక ఇది దేశమంతటా బడులకు, ఆసుపత్రులకు, కార్యాలయాలకు పాకింది.

పండుగ ఇల్లు: స్వీడన్‌లో ప్రధాన క్రిస్మస్ వేడుక డిసెంబరు 24 సాయంత్రం. 18, 19వ శతాబ్దాల రైతు ఇళ్లలో నేల మీద కొత్త గడ్డి పరిచి, ఆ రాత్రి యజమాని కుటుంబం, పనివారు దానిమీదే కలిసి పడుకునేవారు. దక్షిణ ప్రాంతాల్లో పొగచూరిన గోడలను, పైకప్పును రంగుల చిత్రపటాలతో కప్పేవారు. నార గుడ్డ మీద, కాగితం మీద వేసిన ఆ చిత్రాల్లో ముగ్గురు జ్ఞానుల యాత్ర, కానా ఊరి పెళ్లి వంటి బైబిలు కథలు ఉండేవి. వాటిలోని పాత్రలు చిత్రకారుడి కాలపు స్వీడన్ దుస్తుల్లో కనిపిస్తాయి. అందుచేత ఇవి పండుగ చరిత్రకూ దుస్తుల చరిత్రకూ ఆధారాలు. పక్షుల కోసం ఓట్స్ కంకుల కట్టను గడకు కట్టడం, పశువులకు ఆ రోజు ఎక్కువ మేత వేయడం ఆనవాయితీ. ఇంటినీ పశువులనూ కాపాడే పొట్టి ముసలి రూపం తొమ్తె. దానికి ఒక గిన్నె జావ విడిచిపెట్టేవారు. చిత్రకారిణి యెన్ని నిస్ట్రోమ్ 1881లో విక్తోర్ రీద్‌బెర్య్ కవితకు వేసిన బొమ్మలు ఈ రూపాన్ని నేటి క్రిస్మస్ తాతగా స్థిరపరచడానికి దోహదం చేశాయి. అంతకు ముందు కానుకలు తెచ్చే పాత్ర మేకది. మేక వేషం వేసుకుని ఇల్లిల్లూ తిరిగే ఆచారం ఉండేది. నేటి గడ్డి మేక బొమ్మ దానికి గుర్తు. అలంకరించిన క్రిస్మస్ చెట్టు జర్మనీ నుంచి 18వ శతాబ్దంలో సంపన్న గృహాలకు వచ్చి, 19వ శతాబ్దం చివరికి సామాన్యుల ఇళ్లకు చేరింది.

పండుగ భోజనం: ఒక్కొక్కరి ముందు రకరకాల రొట్టెలను కుప్పగా పేర్చడం పాత అలవాటు. పంది తొడ మాంసం ఉడికించిన రసంలో రొట్టె ముంచుకుని తినడం, ఎండు చేపను క్షార జలంలో నానబెట్టి వండిన లూత్‌ఫిస్క్, పాలలో ఉడికించిన బియ్యపు జావ ముఖ్యమైన వంటకాలు. లూత్‌ఫిస్క్ క్రైస్తవ ఉపవాస దినాల్లో మాంసానికి బదులు చేప తిన్న కాలానికి చెందినది. డిసెంబరు 25 తెల్లవారుజామున చర్చి ప్రార్థనకు వెళ్లేవారు. తిరిగి వచ్చేటప్పుడు మంచు బండ్లు పందెం వేసుకునేవి. ముందు ఇల్లు చేరిన వారి పంట బాగా పండుతుందని నమ్మకం.

నూతన సంవత్సరం, ముగింపు: 1895 నుంచి డిసెంబరు 31 రాత్రి స్కాన్సెన్‌లో ఆంగ్ల కవి టెన్నిసన్ రాసిన నూతన సంవత్సర గంటల కవితకు స్వీడిష్ అనువాదాన్ని చదువుతున్నారు. నటుడు ఆండెర్స్ డి వాల్ దీన్ని చాలా ఏళ్లు చదివారు. ఇప్పుడు ఈ కార్యక్రమం టెలివిజన్‌లో దేశమంతటా ప్రసారమవుతుంది. జనవరి 13న క్నూత్ దినం వస్తుంది. పిల్లలు చెట్టు చుట్టూ ఆడి, దాని మీది మిఠాయిలు తిని, చెట్టును బయట పెట్టడంతో పండుగ కాలం ముగుస్తుంది.

ప్రదర్శన పద్ధతి

ఒక్కో ఇంటికి ఒక నిర్దిష్ట కాలాన్ని, సామాజిక వర్గాన్ని ఎంచుకుని దానికి తగ్గట్టు సామాను అమరుస్తారు. డిసెంబరులో రైతు ఇల్లు, జమీందారీ భవనం, పట్టణ చేతివృత్తివారి ఇల్లు వేర్వేరు పండుగ అలంకరణల్లో ఉంటాయి. అందువల్ల ఒకే పండుగను వర్గాన్ని బట్టి, కాలాన్ని బట్టి పోల్చి చూడవచ్చు. ఆ కాలపు దుస్తుల్లో ఉండే సిబ్బంది పొయ్యి వెలిగిస్తారు, రొట్టెలు కాలుస్తారు, నూలు వడుకుతారు, సందర్శకుల ప్రశ్నలకు జవాబిస్తారు.

మూల వస్త్రాలను ఎవరూ తొడగరు. వెలుతురుకు రంగులు వెలుస్తాయి, తేమకు నార బలహీనపడుతుంది, ఉన్నిని చిమ్మటలు కొరుకుతాయి. అందుకే వాటిని మసక వెలుతురు, నిలకడైన ఉష్ణోగ్రత ఉండే గదుల్లో దాచి, కొద్దికాలం మాత్రమే ప్రదర్శిస్తారు. స్కాన్సెన్ సిబ్బంది దుస్తులు ఆ నమూనాలను అధ్యయనం చేసి సొంత కుట్టు విభాగంలో తయారుచేసిన ప్రతులు. ఆచారాలకు సంబంధించి నోర్డిస్కా మ్యూజియం 1928 నుంచి దేశమంతటా ప్రశ్నావళులు పంపి వృద్ధుల జ్ఞాపకాలను రాతపూర్వకంగా సేకరిస్తోంది. వస్తువు ఒక్కటే చెప్పలేని వాడుకను ఈ సమాచారం పూరిస్తుంది.

సందర్శన

రెండు మ్యూజియాలూ నడక దూరంలోనే ఉన్నాయి. నగర కేంద్రం నుంచి ట్రామ్‌లో, పడవలో చేరుకోవచ్చు. ముందుగా నోర్డిస్కా మ్యూజియంలో వస్త్రాల నేతను, కుట్టును దగ్గరగా చూసి, తర్వాత స్కాన్సెన్‌లో వాటి వాడుకను గమనించడం అధ్యయనానికి అనువైన క్రమం. స్కాన్సెన్ ఏడాది పొడవునా నడుస్తుంది గాని, చలికాలంలో అన్ని ఇళ్లూ తెరిచి ఉండవు. సంత జరిగే వారాంతాల్లో, లూసియా రోజున ఎక్కువ ఇళ్లు, కార్యక్రమాలు అందుబాటులో ఉంటాయి. కొండ దారులు మంచుతో జారుతాయి కాబట్టి పట్టున్న బూట్లు, వెచ్చని దుస్తులు అవసరం. పగలు త్వరగా ముగుస్తుంది. ఇళ్ల లోపల దీపాల వెలుతురు తక్కువగా ఉంటుంది. అది నాటి జీవన స్థితిని చూపే ప్రదర్శనలో భాగం.

విమర్శలు, మార్పులు

స్థాపన కాలపు జాతీయవాద భావన సేకరణ మీద ప్రభావం చూపిందని పరిశోధకులు పేర్కొంటారు. పెళ్లి, పండుగ దుస్తులను కుటుంబాలు జాగ్రత్తగా దాచుకున్నాయి. పనిబట్టలు చిరిగే దాకా వాడి పారేశారు. కాబట్టి సేకరణలో మొదటివి ఎక్కువ, రెండోవి తక్కువ. రంగురంగుల దుస్తులున్న దాలార్నాకు మిగతా ప్రాంతాల కంటే పెద్ద స్థానం దక్కింది. సామీలను ప్రాచీన జీవితపు ప్రతినిధులుగా మాత్రమే చూపిన పాత పద్ధతి కూడా విమర్శకు గురైంది. మార్పును మరుగుపరచి ఆచారాన్ని స్థిరమైనదిగా చూపే ప్రమాదం ఏ జానపద మ్యూజియానికైనా ఉంటుంది. తర్వాతి కాలంలో వ్యవసాయ కూలీల వరుస ఇళ్లు, కార్మికుల సమావేశ మందిరం, 1930ల నాటి సహకార దుకాణం వంటివి చేర్చి స్కాన్సెన్ పరిధిని విస్తరించారు.

ఇతర దేశాలపై ప్రభావం

స్కాన్సెన్ నమూనాను ఐరోపా దేశాలు త్వరగా అందుకున్నాయి. ఓస్లోలో హాన్స్ ఆల్ 1894లో నార్వే జానపద మ్యూజియాన్ని స్థాపించారు. అంతకుముందే 1881లో అక్కడి బిగ్‌డోయ్‌లో రెండవ ఆస్కార్ రాజు పాత కట్టడాలను సేకరించడం ప్రారంభించారు. ఆ సేకరణ తర్వాత ఈ మ్యూజియంలో కలిసింది. ఫిన్లాండ్‌లో సెఉరసారి (1909), నెదర్లాండ్స్‌లో ఆర్నెమ్, రుమేనియాలో దిమిత్రియె గుస్తి స్థాపించిన బుకారెస్ట్ గ్రామ మ్యూజియం (1936), వేల్స్‌లో సెయింట్ ఫాగన్స్ (1948) ఈ కోవకు చెందినవి. పోలండ్, చెక్, హంగరీ దేశాల్లో ఆరుబయలు మ్యూజియాన్ని స్కాన్సెన్ అనే పేరుతోనే వ్యవహరిస్తారు.

భారతదేశంలో ఈ తరహా సంస్థలు

భోపాల్‌లోని ఇందిరా గాంధీ రాష్ట్రీయ మానవ సంగ్రహాలయం ఆదివాసీ, గ్రామీణ గృహాలను బయలు ప్రదేశంలో ప్రదర్శిస్తుంది. చెన్నై సమీపంలోని ముట్టుకాడులో 1996లో ప్రారంభమైన దక్షిణచిత్ర దక్షిణ రాష్ట్రాల ఇళ్లకు ప్రత్యేకించినది. అక్కడి తెలుగు విభాగంలో ఉత్తరాంధ్ర తీరపు మట్టి చుట్టిల్లు, నల్లగొండ ప్రాంతంలోని కొయ్యలగూడెం ఇక్కత్ నేతగాడి ఇల్లు ఉన్నాయి. నేత ఇంటిలో మగ్గం, దారానికి ముడులు వేసి రంగు అద్దే పని ఒకచోట కనిపిస్తాయి. హైదరాబాద్ శిల్పారామంలోని గ్రామీణ మ్యూజియం, అరకులోయ గిరిజన మ్యూజియం తెలుగు నేల మీది జానపద, గిరిజన జీవితాన్ని పరిచయం చేస్తాయి. భోగి మంటలు, గొబ్బెమ్మలు, బొమ్మల కొలువు, హరిదాసు వేషం, గంగిరెద్దుల అలంకరణ వంటి సంక్రాంతి ఆచారాలు దుస్తులు, వస్తువులు, ఋతువు, ఇల్లు కలిసి ఉండే అంశాలు. ఆరుబయలు మ్యూజియం పద్ధతి వాటి నమోదుకు నేరుగా ఉపయోగపడుతుంది.

ప్రాముఖ్యం

సామాన్యుల బట్ట, పాత్ర, పండుగ కూడా జాతీయ చరిత్రకు ఆధారాలేనన్న అవగాహనను మ్యూజియం రంగంలో స్థిరపరచిన సంస్థల్లో స్కాన్సెన్ ముందువరుసలో ఉంది. వస్తువును దాని ఇంటితో, ఋతువుతో, వాడిన మనిషితో కలిపి చూపే పద్ధతి అక్కడి నుంచే విస్తరించింది. నేత, అల్లిక, కుట్టు, వడ్రంగం వంటి నైపుణ్యాలను రాసి దాచడం చాలదు, చేసి చూపే వారు ఉండాలి. సిబ్బంది దుస్తులు కుట్టడం, ఇళ్లకు మరమ్మతు చేయడం, ఏటా పండుగలను జరపడం ద్వారా ఆ పనులు తెలిసిన మనుషులను ఈ మ్యూజియం తయారుచేస్తోంది.